మృత్యుముఖనివృత్తుల స్వభావపరివర్తనము

మృత్యుముఖమునఁ బడి మరల బ్రదికినవాఁడు పూర్వపువాఁడేనా, లేక పూర్వపువాని రూపముతో మెలఁగు వేఱొకఁడా యను ప్రశ్న మిగులఁ బ్రాచీనమైనది. తీవ్రజ్వరము తగ్గి లేచినవాఁడు, వఱదనుండి యొడ్డున కెక్కినవాఁడు, యుద్ధభూమినుండి యొంటరిగా నింటికి వచ్చినవాఁడు దేహముచే నదే మనుష్యుఁడు. బంధువు లతని ముఖమును, కంఠస్వరమును గుర్తింతురు. అయినను గొన్నాళ్ల కతని నడవడియం దొక మార్పు కానవచ్చును. లోభికి ధనాశ తొలఁగును, కోపిష్ఠి శాంతుఁడగును, సంసారి విరక్తుఁడగును. కొందఱియెడల నిందుకు విపరీతముగా, శాంతుఁడైనవాఁడే చిడిముడిపాటు గలవాఁడగును. ఈ మార్పునకుఁ గారణ మేమి? కొందఱియం దది స్థిరపడుటకును, మఱికొందఱియందుఁ బది దినములలో మాసిపోవుటకును హేతు వేమి? నెల్లూరు సముద్రతీరసీమయం దీ ప్రశ్నకు సంబంధించిన కథలు కొన్ని కలవు. వానిని ధర్మశాస్త్రముతోను, నేఁటి వైద్యుల పరిశీలనములతోను గలిపి చూచినచో నొక యంశము స్పష్టపడును. ఆపద మనుష్యుని పూర్వస్వభావమును విఱుచును. విఱిగినచోట నేది మొలచునో నిర్ణయించునది మాత్ర మాపద కాదు. మరలివచ్చినవానికిఁ దానును, దనవారును బెట్టు పేరు.

వ్యాకరణమున శబ్దమునకుఁ గలుగు వికారములలో నాగమాదేశములు ముఖ్యములు. ఆగమ మున్నదానితోఁ జేరి నిలుచును. 'చేయు' 'అది' యను శబ్దములు గలిసి 'చేయునది' యైనపుడు నడుమ వచ్చిన నకారము దేనిని గాని తొలఁగింపలేదు. ఆదేశ మట్లు గాదు. ఒకదానిని దొలఁగించి దాని చోటఁ దాను గూర్చుండును. అందుచేతనే యాగమము మిత్రునివంటి దనియు, నాదేశము శత్రువువంటి దనియుఁ బండితులు బాలురకుఁ జెప్పుచుందురు. సంస్కృతమున నునికి యర్థముగాఁ గల 'అస్' ధాతువు కొన్ని ప్రత్యయములు పరమగునపుడు పూర్తిగాఁ దొలఁగిపోయి, 'భూ' ధాతువు దాని స్థానమున నిలుచును. అయినను నాదేశమునకు స్థానివద్భావము గలదు. అనఁగాఁ దొలఁగినదానికిఁ జెల్లవలసిన కార్యములు కొన్ని మినహాయింపులతో నీ క్రొత్తదానికే చెల్లును. మృత్యుముఖనివృత్తుని విషయమున వివాదమంతయు నిదియే. అతనియందుఁ గానవచ్చు మార్పు పూర్వస్వభావమునకుఁ జేరిన యాగమమా, లేక దానిని దొలఁగించిన యాదేశమా? ఆదేశమే యైనచోఁ బూర్వపువాని భార్య, ఋణములు, పొలము, తల్లిదండ్రులు ఈ క్రొత్తవానికిఁ జెందుదురా, చెందరా?

ధర్మశాస్త్రకారు లీ ప్రశ్నను శబ్దమాత్రముగాఁ జూడక వ్యవహారముగాఁ జూచిరి. దేశాంతరగతుఁడై వార్త తెలియనివానికై నియతకాలము నిరీక్షింపవలయు ననియు, నది పలువురి మతమునఁ బండ్రెండేం డ్లనియు, నప్పటికిని రానిచో మోదుగాకులతో ననగాఁ బలాశపర్ణములతోఁ బ్రతికృతిని గల్పించి దహింపవలయు ననియు విధించిరి. దీనికిఁ బర్ణనరదాహ మని పేరు. ఇట్లు కర్మ జరిగినపిదప నాతఁడు సజీవుఁడై గుమ్మమున నిలిచెనేని యేమి చేయవలెను? అతనిని ఘృతమున ముంచి యెత్తి, స్నానము చేయించి, జాతకర్మ మొదలుకొని సంస్కారము లన్నియు మరల జరిపింపవలెను. ఉపనయనము మరలఁ గావలెను. పిదప నాతఁడు వ్రతముండి, తన పూర్వభార్యనే మరల వివాహ మాడవలెను. ఇందలి సూక్ష్మమును గమనింపఁదగును. శాస్త్ర మాతని బూర్వపువాఁడే యని యూరకుండలేదు. వేఱొకఁ డని వెడలఁగొట్టను లేదు. అతఁడు మరలఁ బుట్టినాఁ డని యొప్పుకొని, పుట్టినవానికిఁ జేయవలసిన కార్యములన్నియుఁ జేసి, మరల నదే యింటిలోనికి, నదే భార్యయొద్దకుఁ జేర్చినది. ఆదేశమును స్థానివద్భావమును రెండును నిందుఁ గలవు.

ఈ యూహ భారతీయులకే పరిమితము గాదు. క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దులనడుమ నుండిన ప్లూటార్కు రోమకుల యాచారములను విచారించుచు నిట్టి విషయమునే ప్రస్తావించెను. పరదేశమున మరణించె నని తప్పువార్త వచ్చినవాఁడు తిరిగివచ్చినచో రోమకు లాతనిని ద్వారమునుండి రానీయక పైకప్పునుండి యింటిలోనికి దింపుచుండిరఁట. గ్రీకులు తమవాఁడు మృతుఁ డని కర్మ చేసినపిదప వచ్చినవాని నపవిత్రునిగా నెంచి దేవాలయములకు రానీయకుండిరి. అట్టివాఁ డొకఁడు డెల్ఫీ దేవతను బ్రార్థింపఁగా, బ్రసవించిన స్త్రీకిని శిశువునకును జేయు విధులను మరలఁ జేయించుకొమ్మని యాదేశము వచ్చినది. అతఁడు స్త్రీలచే స్నానము చేయించుకొని, పొత్తిగుడ్డలఁ జుట్టించుకొని, శిశువువలె స్తన్యపానము చేసెనఁట. సంబంధము లేని దేశములం దొకే యూహ పుట్టుటకుఁ గారణ మొకటియే కావలెను. మరలివచ్చినవానిలోని మార్పు నెల్లవారును జూచుచునే యున్నారు. దానికొక పేరును, విధియు నీయనిచో నింటివారు వానితో మెలఁగఁజాల రని తెలిసికొన్నారు.

నెల్లూరు సీమలో నీ విషయమునకుఁ బ్రాచీనమైన కథ ఖడ్గతిక్కనది. 13వ శతాబ్దిలో నెల్లూరేలిన మనుమసిద్ధి కాలమున, నాతని దండనాథుఁడును, గవి తిక్కనసోమయాజికిఁ బెదతండ్రి కుమారుఁడును నగు నీతఁడు పుల్లరి వివాదమునఁ గాటమరాజుతోఁ బోరాడెను. సేన యంతయుఁ జెడిపోఁగా నొంటరిగా నింటికి మరలెను. నీతిశాస్త్రమునుబట్టి యిది తప్పు గాదు. బలము క్షీణించినపుడు తొలఁగుట యుక్త మని చెప్పువా రున్నారు. కాని యింటివా రట్లు తలఁపలేదు. భార్య చానమ స్త్రీలు స్నానమాడుచోటఁ బెట్టునట్లు మఱుఁగు గట్టి నీళ్లయొద్దఁ బసుపు పెట్టినది. తల్లి ప్రోలమ విఱిగిన పాలను వడ్డించినది. ఆతఁడు మరల యుద్ధమునకుఁ బోయి మడిసెను.

ఈ కథ చాటుపద్యములవలనను, గాటమరాజు కథలవలనను బ్రసిద్ధికెక్కినది. అందలి ప్రతి సంభాషణమును యథార్థముగా జరిగినదే యని చరిత్రకారుఁడు చెప్పఁజాలఁడు. కాని మృత్యుముఖమునుండి వచ్చినవానియెడల నెల్లూరి సమాజ మెట్లు ప్రవర్తించు నని తలఁచినదో తెలుపుట కిది చక్కని ప్రమాణము. యుద్ధమునుండి మరలినపుడు తిక్కన వివేకియే. ఆవేశము తగ్గి, ప్రాణము విలువ తెలిసి యింటికి వచ్చెను. ఆ మార్పున కింటివారు పెట్టిన పేరు 'పిఱికితనము'. ఆ పేరుతో బ్రదుకఁజాలక యాతఁడు రెండవమాఱు మాఱెను. మొదటి మార్పును మృత్యువు కలిగించినది. రెండవదానిని మాట కలిగించినది. రెండింటిలో బలవత్తర మేదియో కథయే చెప్పుచున్నది.

కృష్ణాతీరమున నిందుకు విలోమమైన కథలు రెండు వినఁబడును. కృష్ణలీలాతరంగిణీకర్త నారాయణతీర్థులు గుంటూరుసీమలోని కాజగ్రామమువా రని యాంధ్రుల యైతిహ్యము. పూర్వాశ్రమమున నాయన యత్తవారింటికిఁ బోవుచు నేటిని దాఁటుచుండఁగా వఱద ముంచెత్తినది. ప్రాణము పోవు నని నిశ్చయించుకొని మనస్సుననే సన్న్యాసమును స్వీకరించెను. తరువాత నొడ్డుఁ జేరెను. ఇట్టి కథయే కూచిపూడి భాగవతుల మూలపురుషుఁడగు సిద్ధేంద్రయోగినిఁ గూర్చియుఁ జెప్పుదురు. ఒకే కథ యిరువురియందును వినఁబడుట చేత, దానిని రెండు సంఘటనములకు సాక్ష్యముగాఁ గాక, యొక యాచారమునకు సాక్ష్యముగా గ్రహించుట యుక్తము.

ఆ యాచారమునకు ఆపత్సన్న్యాస మని పేరు. ఆతురసన్న్యాస మనియు నందురు. ఆతురుఁడు మనస్సుచేఁ గాని వాక్కుచేఁ గాని సన్న్యసింపవచ్చు నని జాబాలోపనిషత్తు సెలవిచ్చినది. హోమము, ముండనము, గురువు, దండము ఏదియు నక్కఱలేదు, సంకల్పము చాలును. మృత్యువు వచ్చినచోఁ గథ యంతటితో ముగియును. రానిచో మాత్ర మొక కఠినమైన ప్రశ్న పుట్టును. భయమున నన్న మాట బంధించునా? సంప్రదాయము బంధించు ననియే చెప్పినది. సన్న్యసించి మరల గృహమును గోరువాని నారూఢపతితుఁ డని నిందించినది. ఈ కారణముచేఁ నీటినుండి బయటపడినవాని కింటికిఁ బోవుదారి మూసికొనిపోయెను. వైరాగ్యము తగ్గినను సంకల్పము తగ్గదు. జలభయము నిమేషమాత్రముండి పోవునది. దానినుండి పుట్టిన పేరు జీవితాంతము నిలుచునది.

ఇచట నుపేక్షింపరాని విషయ మింకొకటి కలదు. నారాయణతీర్థుల కథలో నాయన వఱదనుండి తప్పించుకొని మామూలుగా నత్తవారింటికిఁ బోఁగా, భార్య యాయనయందు సన్న్యాసితేజమును జూచి జరిగినదేమో చెప్పు మని యడిగిన దని వాడుక. అనఁగా నాతని మార్పునకు మొదటి సాక్షి యామెయే. ఆ పేరును మొదట నుచ్చరించినదియు నామెయే. ఆ తరువాత నామె యేమయ్యెనో యైతిహ్యము చెప్పదు. పర్ణనరదాహవిధిలోఁ దిరిగివచ్చినవాఁ డామెనే మరలఁ బెండ్లాడవలెను. ఆపత్సన్న్యాసమున నామె బ్రదికియున్న భర్తను గోలుపోవును. మరణము తాఁకిన పురుషుని స్వభావపరివర్తనమును శ్లాఘించు కథలు, తాఁకని యింటివారి నష్టమును లెక్కింపవు. ఈ విషయము నెంతటి విచారణమునందైనను విస్మరింపరాదు.

నీరు గాని, శస్త్రము గాని లేకయే కేవల మరణభయముచేఁ గలిగిన పరివర్తనమునకు రమణమహర్షి చరిత్ర ప్రసిద్ధోదాహరణము. 1896వ సంవత్సరమున మధురలోఁ బదునాఱేండ్ల బాలుఁడైన వేంకటరామునకు, దేహమున నే రోగమును లేకయుండఁగా, దాను మరణించుచున్నట్లు హఠాత్తుగా భయము గలిగినది. ఆతఁడు శవమువలెఁ బరుండి, మరణించున దేదియో పరీక్షించెను. ఆనాఁటినుండి చదువునందును, నాటలయందును, భోజనరుచులయందును నాసక్తి తొలఁగెను. కొలఁది వారములలో నిల్లు విడిచి తిరువణ్ణామలైకిఁ బోయెను. పోవుచు నుంచిన చీటి వైయాకరణులకుఁ బ్రత్యేకముగా విచార్యము. అందు వ్రాసినవాఁడు తన్ను మొదట నుత్తమపురుషమునఁ జెప్పుకొని, పిదప 'ఇది' యని నపుంసకముగాఁ జెప్పుకొని, చివరఁ జేవ్రాలు చేయక గీఁత మాత్రము గీచెను. స్వభావమున స్థానితొలఁగి యాదేశము నిలుచుటకు వాక్యనిర్మాణమే సాక్ష్యమిచ్చిన చోటిది. అయినను బదునొకండేం డ్లాతఁడు జనులకు మౌనస్వామియు, బ్రాహ్మణస్వామియు మాత్రమే. 1907వ సంవత్సరమున నాంధ్రపండితుఁడగు కావ్యకంఠ గణపతిముని యాయనకు 'భగవాన్ రమణమహర్షి' యని పేరుపెట్టిన పిదపనే లోక మాయనను గుర్తించుట కొక శబ్దము దొరకినది.

పేరును నిరాకరించినవారును లేకపోలేదు. 1918వ సంవత్సరమున మచిలీపట్టణమునఁ బుట్టిన యుప్పులూరి గోపాలకృష్ణమూర్తికి 1967లో స్విట్జర్లాండు దేశపు సానెను గ్రామమున దేహేంద్రియములయందు వరుసగా మార్పులు గలిగి, చివర మరణమువంటి యవస్థ సంభవించినది. ఆయన దానిని సిద్ధి యనియు, మోక్ష మనియుఁ జెప్పనీయక 'ఉపద్రవ' మని మాత్రమే వ్యవహరించుచు, 2007లో మరణించువఱకును గురుత్వమును నిందించుచునే యుండెను. అయినను జూచువారు చుట్టును జేరుట మానలేదు. పేరు వలదన్నవానికి 'పేరు వలదన్నవాఁ' డనునదియే పేరయ్యెను.

మరల నెల్లూరు సీమకు వత్తము. 20వ శతాబ్దిలో నీ సీమయం దందఱికిఁ దెలిసిన యుదాహరణము గొలగమూడి వెంకయ్యస్వామి. ఈయన నాగులవెల్లటూరు గ్రామమున వ్యవసాయకుటుంబమునఁ బుట్టెను. యౌవనమునఁ దీవ్రమైన జ్వరము వచ్చి, యది తగ్గినపిదప మునుపటి పద్ధతి పూర్తిగాఁ దప్పి, కేకలు వేయుచు నడవులును, గుట్టలును బట్టి తిరుగుచుండె నని చరిత్రకారులు చెప్పుదురు. గ్రామస్థు లాతనిని 'పిచ్చి వెంకయ్య' యనిరి. ఇంటివారికి నాఁడు గలిగిన దుఃఖము సామాన్యము గాదు. పొలముపని చేసి యింటిని నిలుపవలసిన యువకుఁడు చేతికి రాకపోయెను. ఏండ్లు గడచినపిదప నాతఁడు ధుని వెలిగించుకొని, దారములును, వ్రేలిముద్రలు వేసిన కాగితములును జనుల కిచ్చుచు, మితభాషియై తిరుగుచుండఁగా నదే సీమవారు 'వెంకయ్యస్వామి' యనసాగిరి. ఆచార్య ఎక్కిరాల భరద్వాజ మొదలగువారు చరిత్రలు వ్రాసినపిదప 'అవధూత' యను శబ్దము స్థిరపడెను. 1982 ఆగస్టు 24వ తేదీన గొలగమూడియం దాయన దేహమును విడిచెను. అచట నేఁటను నాగస్టునెలలో నారాధన జరుగుచున్నది.

ఒకే మనుష్యునికి మూఁడు పేరులు వచ్చుటలో నీ సమస్య యంతయు నిమిడియున్నది. జ్వర మొకటియే, నడవడిలోని మార్పును జాలవఱ కొకటియే. 'పిచ్చి' యన్నంతకాలము వానియొద్దకుఁ బోవువారు లేరు. 'అవధూత' యన్నపిదప మాటాడకుండుటయే యుపదేశమై, తిరుగుటయే తీర్థాటనమయ్యెను. ఇంతమాత్రముచే నాయన మహిమ పేరువలనఁ గలిగిన దని చెప్పుట గాదు. అవధూతలక్షణముల నెఱిఁగిన సంప్రదాయ మీ సీమలో లేకపోయినచో నా లక్షణములను జూచు కన్ను లుండెడివి కా వని మాత్రమే భావము.

జ్వరము స్వభావమును మార్చుట వైద్యశాస్త్రమునకు వింత గాదు. 1917వ సంవత్సరమున వియన్నానగరపు వైద్యుఁడు ఫాన్ ఎకొనోమో వర్ణించిన నిద్రామయమైన మస్తిష్కజ్వరము లోకమంతయు వ్యాపించినపుడు, బ్రదికిన పిల్లలలోఁ బలువురు సాధుస్వభావమును గోలుపోయి దుడుకువా రైరి. ప్రాణవాయువు చాలక మెదడు నొచ్చినవారికి జ్ఞాపకశక్తి తగ్గుటయు, జిఱాకు పెరుగుటయుఁ గలదు. కావున మృత్యుముఖనివృత్తుని ప్రతి మార్పును నాధ్యాత్మికముగా నెంచుట ప్రమాదము. చికిత్స చేయవలసినవానికి సాష్టాంగపడుట యగును. కాని ప్రతి మార్పును మెదడునొప్పిగా నెంచుటయుఁ జెల్లదు.

ఇందుకు 2001వ సంవత్సరమున లాన్సెట్ పత్రికయందు హాలండుదేశపు హృద్రోగవైద్యుఁడు ఫాన్ లొమ్మెల్ ప్రకటించిన పరిశీలనము ప్రమాణము. పది వైద్యశాలలలో గుండె యాగి మరల బ్రదికిన 344 మందిని బ్రశ్నింపఁగా, 62 మంది, అనఁగా నూటికిఁ బదునెనమండుగురు, ఆ యవస్థయం దేదో యనుభవమును బొందితి మని చెప్పిరి. వీరిని రెండేండ్లకును, నెనిమిదేండ్లకును మరలఁ బరీక్షించిరి. అనుభవము గలవారియందు మరణభయము తగ్గుటయు, నితరులయెడల దయ పెరుగుటయు, జీవితార్థమునం దాసక్తి హెచ్చుటయుఁ గనఁబడెను. ముఖ్యవిషయ మేమనఁగా, నీ మార్పు గుండె యాగిన దినముననే పూర్తి గాలేదు. స్థిరపడుటకు సంవత్సరములు పట్టెను. మృత్యువు కర్త యైనచో నది నాఁడే పని ముగింపవలెను. సంవత్సరములు పట్టిన దనఁగా, నా సంవత్సరములలో మనుష్యుఁడు తనకును దనవారికిని జెప్పికొన్న మాటలు పనిచేసిన వని యూహింపవచ్చును.

ఆ మాటలు దేశమునుబట్టి భేదించును. 1986వ సంవత్సరమున సత్వంత్ పశ్రీచాయు, ఇయాన్ స్టీవెన్సనును భారతదేశమునందలి పదునాఱు వృత్తాంతములను బ్రకటించిరి. అమెరికావారి వృత్తాంతములలోఁ బలుమాఱు వినఁబడు తన దేహమును దాఁ బైనుండి చూచుట వీనిలోఁ గానరాదు. యమదూతలు వచ్చి తీసికొనిపోవుట, లెక్కలు చూచి యొకనికి మాఱుగా నొకనిఁ దెచ్చి రని తెలిసికొని తిప్పిపంపుట మాత్రము గలవు. మహాభారతమున సత్యవంతుఁడు మేలుకొని, తన్ను లాగుకొనిపోయిన నల్లనివాఁ డెవ్వఁ డని సావిత్రి నడుగును. మరణద్వారమునఁ గూడ మనుష్యుఁడు తన భాషతోనే ప్రవేశించు నని దీనివలనఁ దెలియును.

ఇఁక మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. తెలుఁగువారు శ్మశానవైరాగ్యము, పురాణవైరాగ్యము, ప్రసూతివైరాగ్యము నని మూఁడు చెప్పి, మూఁడును నిలువని వని నవ్వుదురు. శ్మశానమునుండి యింటికి వచ్చి స్నానము చేసి భోజనమునకుఁ గూర్చుండఁగనే మొదటిది పోవును. ఏలయనఁగా నచటఁ జూచినది పరుల మరణము. వానికి సంకల్పము లేదు, సాక్షి లేఁడు, క్రొత్తపేరు లేదు. నిలిచిన వైరాగ్యములయందుఁ గొన్నిటికైన నీ మూఁడును గలవు. వఱదలోఁ జిక్కినవానికి సంకల్పము, భార్య సాక్ష్యము, ఆశ్రమనామము గలవు. తిరువణ్ణామలై బాలునికి విచారము, భక్తులు, గణపతిముని పెట్టిన పేరు గలవు. ఖడ్గతిక్కనకు నివి విపరీతరూపమునఁ గలవు: సంకల్పము మరణము, సాక్షులు తల్లియు భార్యయు, పేరు వీరుఁడు.

1927 నవంబరులోఁ గలిగిన తుపానును, 1989 నవంబరులోఁ గావలి ప్రాంతమునఁ దీరము దాఁటిన తుపానును, 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామియు నెల్లూరు తీరమును దాఁకినవి. ఇట్టి యుపద్రవములనుండి బ్రదికి వచ్చినవారిలో నందఱును యోగులు గారు, అందఱును వీరులు గారు. వలయు నోడయు మరల వేసికొని పనికిఁ బోవువారే యెక్కువ. అయినను రాత్రులు గాలి వీచినపుడు నిద్రపట్టనివాఁడు, పూర్వమువలె నవ్వనివాఁడు, సముద్రమువంకఁ జూడనివాఁ డిండ్లయం దుండుట వింత గాదు. అట్టివానికి శాస్త్రమును బేరీయలేదు, కథయు నీయలేదు. 'వెఱ్ఱి' యనునది గాని, 'సోమరి' యనునది గాని చేతికి దొరకిన పేరగును. ఆ పేరు వాని రెండవ యాపద.

కఠోపనిషత్తున యమునియింటికిఁ బోయిన నచికేతుఁడు మూఁడు వరములు పొందెను. ఆత్మతత్త్వము మూఁడవది, అగ్నివిద్య రెండవది. మొదట నాతఁడు గోరిన దింకొకటి. యముఁడు విడిచిపుచ్చఁగా నింటికి మరలినపుడు తండ్రి కోపము మాని, శాంతుఁడై, తన్ను గుర్తించి పలుకరింపవలె నని యడిగెను. బ్రహ్మవిద్యకంటె ముందు బాలుఁ డీ వరమును గోరుట భాష్యపాఠములలోఁ ద్వరగా దాఁటిపోవు విషయము. కాని మృత్యుముఖమునుండి మరలినవాని మొదటి యక్కఱ యదియే యని యుపనిషత్తున కెఱుకయే. నెల్లూరు తీరగ్రామములందు వృద్ధులు చెప్పు నిట్టి వృత్తాంతములను గ్రామపాఠశాలాపండితులు మాటలు మార్పక వ్రాసి యుంచినచో, మరలినవానికిఁ దనవా రెట్టి పేరిడిరో, దానివలన వాఁ డేమయ్యెనో తెలియుటకు సాధన మేర్పడును. ఈ విషయమును విజ్ఞులు పరిశీలింతురుగాక.